పాత బండికి రబ్బరు వాషర్

చంద్రికా,

మేమిద్దరం బాగానే ఉన్నాం, బండే బాగోలేదు. మేం వండుకుంటూ, పడుకుంటూ ఊళ్లు తిరుగుతున్న మన పాత మోటార్‌హోమ్‌లో టాయిలెట్ రబ్బరు వాషర్ పాడై నీళ్లు కారుతున్నాయి. మోంటానాలో ఏ షాపుకెళ్లినా "ఇంత పాత మోడల్‌కి పార్టులు రావు, కొత్త బండి కొనుక్కోండి" అంటారు. రబ్బరు ముక్క కోసం బండి కొనాలా? నా పెళ్లినాటి కుక్కర్‌కి ఇప్పటికీ గాస్కెట్ దొరుకుతోందని కౌంటర్ దగ్గరే దులిపేశాను. ఆ మాట మీ నాన్న చెవిన పడింది. సాయంత్రానికి నా కుక్కర్ గాస్కెట్ తీసి టాయిలెట్‌కి బిగించారు. కారడం ఆగింది. మాకు పప్పూ ఆగింది.

మీ ఎడిసన్‌లో ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది కదా, కొత్త గాస్కెట్ కొని, మేం ఇప్పుడు వెళ్తున్న బాతెల్‌లో పిన్ని ఇంటికి వెంటనే పంపు. నా మనవరాలు రిషితకి జలుబు తగ్గిందా? నీకూ అల్లుడికీ దీవెనలు.

ఆలస్యం చెయ్యకు. అసలు వాషర్ దొరికాక నా గాస్కెట్ కడిగి ఇచ్చేస్తానంటున్నారు మీ నాన్న.

అమ్మ