మూడు పాకెట్ల తొక్కు

మే 4, ఆదివారం

ఈ రోజు నుంచి ఈ ఇంటి ఆర్థిక మంత్రిని నేనే. బీకాం చదివి ఖాళీగా ఉన్నవాడికి బాన్సువాడలో ఇంతకంటే పెద్ద పోస్టు దొరకదు. రైస్ మిల్లులో బాపు జీతం కదలదు, సరుకుల ధరలు ఆగవు. కాబట్టి నా మొదటి బడ్జెట్: చికెన్ రద్దు. పల్లీల చట్నీ వారానికి ఒక్కసారి. రెండో చాయ్ మీద నిషేధం. ఓ మంత్రిగారూ, ఊపిరి పీల్చుడు గూడ బంద్ వెట్టమంటవా అన్నాడు బాపు. సభలో గందరగోళం.

అమ్మ ఒక్కటే అంది. మామిడికాయ తొక్కు జోలికి రావద్దట. వైశాలి అక్క పెళ్లయ్యాక ఇదే మొదటి ఎండాకాలం. కోటగిరిలో దాని అత్తారింటికి జాడీ పోవాల్సిందే. దాని అత్త నోట్ల పడితే ఇగ లేవం బిడ్డా అంది. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

మే 8

శివరాం సేటు దుకాణం. పల్లి నూనె ధర వినగానే చెమట పట్టింది. గీ నూనెల బంగారం గలిపిన్రా కాకా అని అడిగాను. గలిపితే నీకు గీ రేటుకు ఎట్లిస్త అన్నాడు. అల్లం, ఎల్లిగడ్డ సంగతి రాయను. డైరీ తడుస్తుంది.

అమ్మ నూనె కొలత పాకెట్లలో ఉంటుంది. మా ఇంటి తొక్కుకు మూడు. ఏళ్ల తరబడి మూడే. మూడే కొన్నాను, అవి కూడా ముఖం మాడ్చుకుని.

మే 10

అక్క జాడీని బస్సులో ఒళ్లో పెట్టుకుని కోటగిరి తీసుకెళ్లాను, చంటిపిల్లను తీసుకెళ్లినట్టు. అక్క అత్త భూమవ్వ వేలితో అద్ది నాకింది. మంచిగనే గలిపింది మీ అమ్మ అంది. ఆ నోటి నుంచి అది పద్మశ్రీ.

మే 29

బూజు.

మే 30, పొద్దున 7

నిన్న ఆ ఒక్క ముక్క మించి రాయలేకపోయాను. మా జాడీ మూత తీస్తే పైన తెల్లటి దుప్పటి. అమ్మ తొక్కు ఇన్నేళ్లలో ఎన్నడూ చెడలేదు. ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. నా చెయ్యే పాడయిందిరా అంది.

అంతలో అక్క ఫోన్. అక్కడి జాడీ కూడా పోయింది. దాని పక్కనే భూమవ్వ సొంతంగా పెట్టుకున్న జాడీ కూడా. ఒక్కటి చెడితే మీ అమ్మ తప్పనుకుందును, రెండు చెడ్డయంటే నువ్వే ముట్టుకున్నవ్, దూరమున్న దినాలల్ల ముట్టుకున్నవ్ అని తీర్పు చెప్పిందట. తొక్కు చెడితే అంతే, పీరియడ్స్‌లో ఉన్న ఆడదాని మీదికే వస్తుంది. అక్కను వంటింట్లోకి రానివ్వడం లేదు. పళ్లెం వసారాలో పెడుతున్నారు.

బావ ఏమంటుండు అని అడిగాను. ఫోన్ చూసుకుంటుండు అంది.

దీని మీద జోకు రాయడానికి కూర్చున్నాను. రావడం లేదు.

జూన్ 1

బాపుకు చెప్పాను. ఆడోళ్ల ముచ్చట మనకెందుకురా అన్నాడు. నిరసనగా ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన గమనించలేదు.

జూన్ 3

దొరికింది!

ఖాళీ నూనె పాకెట్లను అమ్మ పారేయదు. కడిగి వాటిలో చిక్కుడు గింజలు దాస్తుంది. నిరుడు ధర ఎంతుండేదో చూసి మళ్లీ తిట్టుకుందామని పాత పాకెట్ తీశాను. కొత్తదాని పక్కన పెట్టాను. అదే పొడవు, అదే రంగు, అదే పల్లీల బొమ్మ. మూలన చీమ తలకాయంత అక్షరాలు. పాతదాని మీద లీటరు. కొత్తదాని మీద ముప్పావు లీటరు.

ధర పెంచారు, నూనె తగ్గించారు, బొమ్మలో పల్లీలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మూడు పాకెట్లు పోస్తే ముప్పావు లీటరు మాయం. ముక్క నూనెలో మునగలేదు, బూజు పట్టింది. ఎక్కడో ఏసీ గదిలో టై కట్టుకున్న బీకాం గాడొకడు ఈ ఐడియా ఇచ్చి ప్రమోషన్ కొట్టేసి ఉంటాడు. శిక్ష మా అక్కకు.

అమ్మకు చూపించాను. మూడో నాడు తిరగ గలిపేటప్పుడే నూనె తేలలేదు బిడ్డా, ఇంకో పాకెట్ అడుగుదామనుకున్న, నీ మొఖం జూసి అడగలే అంది.

మంత్రి రాజీనామా చేశాడు. ఎవరూ ఆపలేదు.

జూన్ 4

కోటగిరి. రెండు పాకెట్లూ భూమవ్వ ముందు పెట్టాను. చదువుకున్నోనివి, పగలును రాత్రని గూడ చెప్తవ్ అంది. ఆమె అరలో ఉన్న కొత్త నూనె పాకెట్ తీసి, కోసి, ఖాళీ లీటరు నీళ్ల సీసాలో పోశాను. చివరి చుక్క దాకా పిండాను. సీసా నిండలేదు. మెడ దాకా కూడా రాలేదు.

నీ తొక్కుల ఎన్ని పాకెట్లు పోసినవ్ అత్తా అని అడిగాను. ఐదు, ఎప్పటికీ ఐదే అంది. అన్నాక సీసా వైపు చూసింది. వసారాలో అక్క లేచి నిలబడింది.

క్షమాపణలేమీ జరగలేదు. నా పాకెట్ ఎందుకు కోసినవ్‌రా, మీ అయ్య ఇస్తడా పైసలు అని నా మీదికే వచ్చింది. తర్వాత చెప్పులేసుకుని, సీసా చంకలో పెట్టుకుని బయటికి వెళ్లింది.

జూన్ 5

అక్క ఫోన్. నిన్న భూమవ్వ దుకాణం ముందు సీసా ఊపుతూ గల్లీనంతా పోగేసిందట. పైనుంచే గట్లొస్తున్నయవ్వా, నేనేం జెయ్యాలె అన్నాడట దుకాణదారు. గా పైనున్నోని నంబర్ ఇయ్యి, నేను మాట్లాడుత అందట. ఆ నంబర్ ఎవరి దగ్గరా లేదు.

మరి నిన్ను లోపలికి రమ్మన్నదా అని అడిగాను. రమ్మనలేదు, వద్దనలేదు అంది. నాకు మళ్లీ మండింది.

జూన్ 14

కోటగిరి అంగడిలో ఆఖరి మామిడికాయలట. అక్కకు ఇవాళ పీరియడ్స్ రెండో రోజట. భూమవ్వ నూనె నిండుగా పోసి, జాడీ అక్క ముందుకు జరిపి, నువ్వే గలుపు, జూస్త ఏమైతదో అందట.

కలిపింది.