అందరం కలిసి అడిగిన శుక్రవారం

అమ్మా, దోహాలో నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఇక్కడ మాలాంటి పరాయి దేశం పనివాళ్ళు సంఘం పెట్టుకోవడానికి వీల్లేదు. అయినా నాతోపాటు హోటల్ గదులు తుడిచే ఫిలిప్పీన్స్ ఆమె మారిటెస్ మమ్మల్ని ఒక్కొక్కరిగా కూడగట్టింది. వాళ్ళ దేశంలో ఆమె ఎర్రజెండా సంఘంలో పనిచేసింది. నిన్న నలభై మందిమి హైదరాబాదీ మేనేజర్ ఎదుట నిలబడి, మాకివ్వకుండా ఎగ్గొడుతున్న శుక్రవారం సెలవు అడిగాం.

"మీ లీడరెవరు?" అన్నాడు.

మారిటెస్ పేరు చెబితే ఆమెను దేశానికి పంపేస్తారు. నేనే ముందుకు వెళ్ళి, "లీడరెవ్వరు లేరు సార్, అందరం అలిసిపోయినోళ్లమే," అన్నాను.

సాయంత్రానికి సెలవు నోటీసు అంటించారు. సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మీ బీడీ సంఘం మీటింగులు ఎలా నడిపేవారో తమ్ముడు నగేష్‌తో రాయించి పంపు. మారిటెస్ రోజూ అడుగుతోంది.

రేపు శుక్రవారం, తొమ్మిదింటిదాకా పడుకుంటాను. దీవించు.

నీ పెద్దబిడ్డ శోభ