ముల్లుకు సూది ఎందుకట

మంగళవారం, రాత్రి

డాబా మీద గులాబి కుండీలకు పెండ ఎరువు వేస్తుంటే మా ఆయన బొటనవేల్ల ముల్లు లోతుగ దిగింది. పసుపు, సున్నం అద్దుకొని కూసున్నడు.

"నారాయణగూడ దవాఖానకు పోయి టీటీ సూది ఏయించుకుందాం, పాండ్రి" అన్న.

"ఇనుము గుచ్చితేనే సూది. ముల్లుకెందుకే, పిచ్చిదానా?" అన్నడు.

కోడలు కిసుక్కున నవ్వింది. "అత్తమ్మా, మీకు దోమ కుట్టినా పరేషానే!"

మా తమ్మునికి గుచ్చింది కూడా ముల్లే. ధనుర్వాతం విషం నరాలకెక్కి దవడలు బిగుసుకపోయినయి. చెంచెడు నీళ్లు కూడా నోట్లకు పోలే. ముందే సూది ఏయించి ఉంటే బతుకుతుండె. ఈ ఇంట్ల నా మాటకు విలువేడిది?

అన్నం తినుకుంట ఆయన మళ్ల నా భయం తలుసుకొని పకపక నవ్విండు. నేను మాత్రం ఆయన నోరు ఎంత తెరుచుకుంటదో చూసుకుంట కూసున్న.