గనిబండి తొలి లోడు

బావమరిదికి,

మీ అక్క క్షేమం, బండి క్షేమం. నేను మాత్రం గేటు బయట మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

రిటైరయ్యాక, గనిలో నేను నడిపిన డంపర్‌లాంటిదే రిమోటుతో నడిచే బండి కడుతున్నానని నీకు తెలుసు. కట్టగా కట్టగా అది మంచమంత అయింది. దాని తొట్టికి సరిపడే రేకు ఏ కొట్లోనూ దొరకలేదు. మీ అక్క బీరువా తలుపు సరిగ్గా అదే మందం. బీరువాకు రెండు తలుపులుంటాయి, నేను తీసింది ఒక్కటే. దానికే ఇల్లు పీకి పందిరి వేసింది.

ఈ ఉదయం లేచి చూస్తే తొట్టి నిండా నా బట్టలు, పైన నా బూట్లు. మీ అక్క చేతిలో రిమోటు.

"తలుపులేని బీరువాలో మీ బట్టలకు చోటు లేదండీ" అంది.

బండిని గేటు దగ్గర తిప్పింది. వెనక్కి నడిపేముందు మూడుసార్లు హారన్ కొట్టింది. తొట్టి ఎత్తి సరుకంతా వీధిలో పోసింది. ఒక్క చొక్కా కూడా లోపల మిగల్లేదురా!

రివర్సుకు ముందు మూడు హారన్లు మా గని నియమం. ఇన్నేళ్లూ అన్నం తింటూ నేను ఇలాంటి నియమాలన్నీ చెబుతుంటే "ఊఁ" అని ఊరుకునేది. వినడం లేదనుకున్నాను.

ఆదివారం ఒక బీరువా తలుపు పట్టుకుని వచ్చి నా తరఫున మాట్లాడు. ఈ ఇంట్లో ఇప్పుడు డంపర్ డ్రైవర్లం ఇద్దరం. డ్యూటీలో ఉన్నది మాత్రం మీ అక్కే.

ఇట్లు,
గేటు బయటి నుంచి
మీ బావ