బోల్తా పడ్డాక

హామిల్టన్, మార్చి 2007

ఒరే దుర్గేష్,

నీ మేనకోడలు కిరణ్మయి బాగానే ఉంది. ఈ మాట ఫోన్లో అందరికీ చెప్పీ చెప్పీ అలిసిపోయాను, అందుకే నీకు రాస్తున్నాను. మీ ఛానెల్లో "న్యూజిలాండ్‌లో తెలుగమ్మాయికి ఘోర ప్రమాదం" అని ఏడుపు సంగీతం పెట్టి మరీ వేశారట. పిన్ని ఫోన్ చేసి శోకాలు పెడుతుంటే, ఫోనెత్తింది కిరణ్మయే. "అమ్మమ్మా, నేనే, బానే ఉన్నా" అన్నా ఆవిడ నమ్మలేదు.

అది రోడ్డు ప్రమాదం కాదురా. స్టాక్‌కార్ పందెంలో ఢీకొట్టడం తప్పు కాదు. అవతలి జట్టు కారుకి తన కారుతో అడ్డంపడి తన జట్టువాణ్ణి ముందుకు పంపడమే కిరణ్మయి పని. అడ్డంపడింది, బోల్తా కొట్టింది, వాళ్ళ జట్టు గెలిచింది. మీరు ఏడవడానికి వేసిన బొమ్మనే ఇక్కడి టీవీ నవ్వుకోవడానికి వేసింది.

ఆ రోజు నాకు డ్యూటీ. నేనూ టీవీలోనే చూశాను. కారు గాల్లో ఉండగానే బొమ్మ ఆపేశారు. మీవాళ్ళూ అక్కడికే కోశారట. తర్వాత పిల్ల కారులోంచి బయటికొచ్చి జనానికి చెయ్యూపిందట. ఆ ముక్క మీ ఆఫీసులో ఉంటే నాకు పంపరా.

పిల్ల పక్క గదిలో నిద్రపోతోంది. నా కళ్ళకి మాత్రం ఆ కారు ఇంకా నేలకి దిగలేదు.

మీ అక్క