‘పాడైంది’ అని రాసిన టేపు

గోల్నాక,
శనివారం.

బాపుకు దండాలు.

ఇక్కడ నేనూ పెద్దమ్మా కులాసాగానే ఉన్నాం. భివండిలో నీ మోకాలు కూడా మాట వింటున్నదని అనుకుంటాను. మరమగ్గాల మోతకు నీ చెవులు పోయాక, ఫోన్లో నేనెంత అరిచినా పక్కింటివాళ్లకే వినబడుతున్నది. అందుకే కాగితం.

“నౌకరి పక్కా అయ్యిందా బిడ్డా?” అని అడిగావు. కాలేదు సరికదా, పోయిన సోమవారం ఊడింది.

తార్నాక క్యాంపస్‌లో నా పని నీకు తెలుసు. పరీక్షల మార్కులన్నీ పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లో ఉంటాయి, వాటి నకళ్లు టేపుల్లో. టేపులోది తిరిగి ఎక్కించేటప్పుడు వేరే పేరుతో పక్కన దింపాలి, సరిచూడాలి, ఆ తర్వాతే అసలుదాని జోలికి పోవాలి. ఇది నాకు ఏ కాలేజీ నేర్పలేదు. చిరిగిన మాన్యువల్ ఒకటి నేర్పింది. తెగిన పోగు వెతకకుండా మగ్గం నడిపితే బట్టంతా పాడైతదన్న నీ మాట నేర్పింది.

మా సూపర్‌వైజర్ లక్ష్మీనర్సయ్యకు ఆ ఓపిక లేదు. ఎవరో ఒక్కడి పాత మార్కులు చూడాలని, శనివారం మధ్యాహ్నం ఆగస్టు టేపును నేరుగా ఇప్పటి మార్కుల మీదే ఎక్కించాడు. రీవాల్యుయేషన్‌లో నలభై రోజులు దిద్దిన మార్కులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరు ఏం చేశారో మిషన్ రాసుకునే లాగ్‌ను సోమవారం పొద్దున చెరిపేసి, నన్ను పిలిచాడు.

“నీతోనే అయ్యిందని సంతకం పెట్టు. డిగ్రీ లేనిదానివి, నీ మాట ఎవడు వింటడు?”

పెట్టాను బాపూ. కోపానికి సంతకం వంకర పోయింది.

వాడికి తెలియనిదొకటి ఉంది. రోజూ రాగానే మార్కులకు, పోయేముందు లాగ్‌కు నేను నకలు తీస్తాను. శనివారం రెండూ ఒకే టేపులో ఉన్నాయి. టిఫిన్ డబ్బా తెచ్చుకునే వంకతో లోపలికి పోయి, దాని మీద ‘పాడైంది’ అని చీటీ అంటించి కింది అరలో పడేశాను. శుక్రవారం విచారణ. మిషన్ ముట్టలేదని వాడు రాసిచ్చేదాకా నోరు విప్పొద్దనుకున్నాను. ఆ నాలుగు రోజులూ ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చుని, వాడి ముఖం వాడిపోవడం చూశాను. ఆ చాయ్ అంత తియ్యగా ఎప్పుడూ లేదు.

నిన్న పెద్దాఫీసరు అరుంధతి మేడం ముందు వాడు అట్లాగే రాసిచ్చాడు. లేచాను.

“మేడం, అర్ధగంట ఇయ్యిండ్రి. కింది అరల పాడైన టేపున్నది, దాన్ని తెప్పియ్యిండ్రి.”

“పాడైనదాంట్ల ఏముంటది?” అని నవ్వాడు.

“మీ పేరుంటది సార్.”

టేపులోది వేరే పేరుతో పక్కన దింపాను. ముందు లాగ్ తెరిచాను. శనివారం, ఒంటిగంటా పది, వాడి ఐడీ. మేడం పైకి చదివింది. వాడు నీళ్లు అడిగాడు. ఒక్కరూ లేవలేదు. తర్వాత మార్కులు సరిచూసి అసలు చోట పెట్టాను. వాడు సస్పెండ్. నన్ను సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. హరిచందన అని ఒక అమ్మాయి. ఆగస్టులో ఫెయిల్, రీవాల్యుయేషన్‌లో పాస్. ఆ మార్కు దిద్దింది నేనే. బుధవారం చాయ్ బండి దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, రేపటిలోపల మెమో ఇయ్యకుంటే నా పీజీ సీటు పోతది. నువ్వన్న ఎవలకన్న చెప్పరాదే.”

“నాకేం తెల్వదు” అన్నాను.

గురువారం గడిచిపోయింది. నిన్న ఆమె రాలేదు.

వాడిని క్షమించను. మళ్లీ దొరికితే మళ్లీ ఇదే చేస్తాను. కానీ వాడు చేసింది లాగ్‌లో దొరికింది. నేను నోరు మూసుకున్నది ఏ మిషనూ రాసుకోలేదు. ఆమె ఇల్లు రామంతాపూర్‌లోనట, రేపు పోతాను. తిట్టినా, కొట్టినా, తలుపు వేసుకున్నా నిలబడతాను.

ఈ ఉత్తరం దాచిపెట్టు బాపూ, నేను చేసింది దీంట్లోనే రాసి ఉన్నది. రేపెప్పుడైనా నేనే అడిగినా నా చేతికివ్వకు.

ఇట్లు,
నీ బిడ్డ
నవత