నాలుగో ప్లగ్గు

శనివారం, బాతెల్, అమెరికా

తమ్ముడు రవి రెండేళ్లుగా కూర్చుకున్న రేసు కారు ఇంజన్‌కి ఇవాళ మా గరాజ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేశాడు. రేపు ట్రాక్ మీదికి తీసుకెళ్దామనుకున్నాడు.

"లాప్‌టాప్‌లో నంబర్ పర్ఫెక్ట్‌గా ఉందక్కా."

"స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూశావా?"

"ఇది నాన్న మెకానిక్ షెడ్డు కాదక్కా. సెన్సర్ చెబుతోందిగా."

"అయినా విప్పరా."

నవ్వుతూనే విప్పాడు. మూడు ప్లగ్గులు ఉండాల్సినట్టే బిస్కెట్ రంగులో ఉన్నాయి. నాలుగోది అరచేతిలో పెట్టుకుని చూశాను, సున్నంలా తెల్లగా ఉంది. ఆ ఒక్క సిలిండర్‌కే పెట్రోలు చాలడం లేదు. సెన్సర్ నాలుగింటికీ కలిపి ఒకటే నంబర్ చూపిస్తుందట.

"ఇలాగే వెళ్తే వేడికి పిస్టన్ కరిగిపోయేదక్కా," అన్నాడు మెల్లగా. రేపటి ప్రయాణం మానుకున్నాడు.

నాన్న ఒక్కో ప్లగ్గూ విప్పి, నా అరచేతిలో పెట్టి, రంగు చెప్పమనేవారు. అప్పటికి రవి ఇంకా పుట్టలేదు. ఆ సంగతి వాడికి చెప్పాలని ఇన్నేళ్లూ నాకు తోచనే లేదు. ఇంకా ఏమేం చెప్పకుండా ఉండిపోయానో...

సాయంత్రం దీపం పెట్టే ముందు చేతులు కడుక్కున్నాను. పెట్రోలు వాసన పోలేదు. మళ్లీ కడగలేదు.